జేజి అటు తిరిగి కూర్చునేది

మా జేజి, అంటే మా నాయనమ్మ, ఏ పనైనా ఒక్కసారే చూపించేది. మన చెయ్యి తన చేతిలోకి తీసుకుని, పని మొదలు నుంచి చివరిదాకా మన చేతే చేయించి, "సరే, రేపు నువ్వు చెయ్" అనేది. మరుసటి రోజు మనం ఆ పని మొదలుపెట్టగానే పీట ఎత్తుకునిపోయి, మనకు తన వీపు కనిపించేట్టు అటు తిరిగి కూర్చునేది. గోడవైపు చూస్తూ అనపకాయలు ఒలుచుకుంటూనో, చేటలో బియ్యం ఏరుకుంటూనో ఉండేది. "జేజీ, ఇది సరిగ్గా ఉందా?" అని అడిగితే, "నేనేమన్నా చూస్తా ఉండానా? నీ తట్టు నా వీపుండాది. నువ్వే చూసుకో" అనేది.

చిన్నప్పుడు నాకు అది కోపంలాగా అనిపించేది. పక్కింటి అవ్వలు మనవరాళ్ళ వెంట పడి "అట్లా కాదే, ఇట్లా" అని చెప్తుంటే మా జేజి మాత్రం వీపు చూపిస్తుందేంటి, నేనంటే ఇష్టం లేదేమో అనుకున్న రోజులు కూడా ఉన్నాయి.

మా ఇల్లు తిరుపతిలో, తాతయ్యగుంట గంగమ్మ గుడికి నాలుగు వీధుల అవతల ఉండేది. చిన్న మిద్దె, వెనకాల రేకుల వంటిల్లు, దాని పక్కన రోలు. నాయన ఆర్టీసీలో కండక్టరు, ఎక్కువ రోజులు కొండ బస్సు డ్యూటీయే (తిరుపతి వాళ్ళం తిరుమల అనం, కొండ అంటాం). అమ్మ, జేజి, అప్పటికి పెళ్ళికాని మా అత్త, నేను, తమ్ముడు, మొత్తం ఆరుగురం. నేను చెప్పేది 1986, 87 నాటి సంగతులు. అప్పుడు నాకు తొమ్మిది, పదేళ్ళు. తమ్ముడు నాకంటే రెండేళ్ళు చిన్న.

మొట్టమొదట నాకు అప్పజెప్పింది నీళ్ళ పని. ఆ రోజుల్లో తిరుపతిలో పెరిగినవాళ్ళకు నీళ్ళ గురించి వేరే చెప్పక్కర్లేదు. మా వీధి కొళాయికి రోజు మార్చి రోజు తెల్లవారుజామున నీళ్ళొచ్చేవి, ఎండాకాలంలో అదీ లేదు, ట్యాంకరు కోసం ఎదురుచూడ్డమే. కొళాయి ముందు బుస్సుమని గాలి కొట్టేది, ఆ చప్పుడుకే వీధంతా లేచి బిందెలు వరసలో పెట్టేది. మోసేది అమ్మా అత్తా. జేజి నాకిచ్చిన పని పంచడం. తాగడానికి ఏ బిందె, వంటకు ఏది, ఒళ్ళు కడుక్కోవడానికి ఎవరికి ఎన్ని చెంబులు, ఆ లెక్క నాది. బియ్యం కడిగిన నీళ్ళు పక్కింటి ఎనుము కుడితికి పోవాలి, కూరగాయలు కడిగినవి కరివేపాకు చెట్టుకు, గుడ్డలు జాడించినవి వాకిట్లో చల్లడానికి. ట్యాంకరు నీళ్ళు కలకగా వస్తే చిల్లగింజను సానరాయి మీద అరగదీసి, ఆ గంధాన్ని కడవ నీళ్ళలో కలిపి రాత్రంతా కదపకుండా వదిలేస్తే తెల్లారేసరికి మడ్డి అడుక్కి దిగిపోయేది. పైనున్న తేటను చెంబుతో ముంచుకోవాలి. చెంబు నిలువుగా ముంచితే మడ్డి లేస్తుంది, అంచును ఒక పక్కకు వాల్చి నీటిమట్టానికి ఆనించి పట్టుకుంటే నీళ్ళు వాటంతట అవే చెంబులోకి జారుతాయి. ఈ చిన్న సంగతి నాకు ఎంత బాగా అబ్బిందంటే, ఇప్పటికీ పాల మీద మీగడ చెదరకుండా పాలు తీయాల్సి వస్తే నా మణికట్టు దానంతట అదే వాలుతుంది.

ఒకరోజు పండగ కూడా కాదు, ఊరికే తలంటుకోవాలనిపించి, లెక్క నా చేతిలోనే ఉంది కదా అని నాలుగు చెంబులు ఎక్కువ పోసుకున్నా. సాయంత్రం వంటకు నీళ్ళు చాల్లేదు. జేజి ఒక్క మాట అనలేదు. బిందె నా చేతికిచ్చి, "ఎవరింట్లో అడుగుతావో అడిగి తీసుకురా" అంది. మూడిళ్ళ ముందు నిలబడ్డా. మూడో ఇంటామె సగం బిందె పోసింది, తన కోసం దాచుకున్న నీళ్ళలోంచి. ఆమె బిందె వంచుతుంటే చూసిన చూపు నాకింకా గుర్తుంది. కోపం లేదు అందులో, నీళ్ళ లెక్క వేసుకుంటున్న చూపు అది.

సంగటి చేయడం కూడా తొమ్మిదో ఏటే మొదలైంది. అది మాత్రం ఏడాదంతా రాకుండా రాకుండా వచ్చింది. మొదటిరోజు జేజి నా రెండు చేతులూ తెడ్డు మీద పెట్టించి, వాటి మీద తన చేతులు వేసి చేయించింది. ముందు గుప్పెడు బియ్యం ఎక్కువ నీళ్ళలో వేసి మెత్తగా ఉడకనివ్వాలి, మెతుకు నలిపితే వేళ్ళకు అంటుకోవాలి. అప్పుడు రాగిపిండిని పైన గుట్టగా పోసి, కలపకుండా, తెడ్డు కాడతో గుట్ట నడుమ ఒక బొక్క పెట్టి మూత వెయ్యాలి. ఆ బొక్కలోంచి ఎసరు పైకి పొంగి పిండి మీదికి వస్తుంది, పిండి లోపల్నుంచి ఉడుకుతుంది. తొందరపడి అప్పుడే గెలికితే ఉండలు కడుతుంది, ఉండ లోపల పచ్చిపిండి మిగిలిపోతుంది. సన్నమంట మీద కాసేపు మగ్గనిచ్చి, చట్టి కిందికి దించి, ఎవరో ఒకరు పాతగుడ్డతో గట్టిగా పట్టుకుంటే ఇంకొకరు గెలకాలి. చేతుల బలం చాలదు, నడుము వంచి ఒళ్ళంతా పెట్టి తిప్పాలి. తడిచేత్తో తట్టి చూస్తే చేతికి అంటుకోకూడదు, అప్పుడే అయినట్టు.

రెండో రోజు నేనే చేశా. తమ్ముడు చట్టి పట్టుకోవడానికి సిద్ధంగా కూర్చున్నాడు. జేజి పీట అటు తిరిగింది. మూత తీసి చూస్తా, మళ్ళీ వేస్తా, మళ్ళీ తీస్తా, ఉడికిందో లేదో తెలియదు, మనసంతా టెన్షన్. అటువైపు నుంచి, తల కూడా తిప్పకుండా, "మంట ఎక్కువుండాది చూడు పాపా" అంది జేజి. చూస్తే నిజంగానే ఎక్కువుంది. ఒక కట్టె వెనక్కి లాగా. ఈమెకు వీపున కళ్ళున్నాయా అని తమ్ముడూ నేనూ మొహామొహాలు చూసుకున్నాం.

ఆ రోజు నాయన మధ్యాహ్నం డ్యూటీ దిగి భోజనానికి వచ్చాడు. జేజి చెయ్యి తడుపుకుని ముద్దలు చేసి, ఒక్కో ముద్ద నడుమ వేలితో గుంట పెట్టి నెయ్యి వేసింది, పక్కన చెనక్కాయల ఊరిబిండి. నాయన ముద్ద తుంచాడు. లోపల్నుంచి పొడిపిండి రాలింది కంచంలోకి. నా గుండె జారిపోయింది. ఆయన ఆ పొడిని కూడా ఊరిబిండిలో అద్దుకుని తిన్నాడు. అమ్మ తింది, అత్త తింది. ఒక్కళ్ళూ బాగుందని అనలేదు, బాగాలేదని అనలేదు, రోజూ తిన్నట్టే తిని కంచం కడిగేసి లేచారు. చివర్లో జేజి, "బొక్క పెట్టినావా?" అంది.

"మర్చిపోయినా."

"ఊఁ."

అంతే. అబద్ధంగా మెచ్చుకుని ఉంటే నాకు తెలిసిపోయేది, తిట్టి ఉంటే మళ్ళీ తెడ్డు పట్టుకునేదాన్ని కాదు. ఆ రోజు తర్వాత ఆ బొక్క పెట్టడం నేను ఒక్కసారి కూడా మర్చిపోలేదు.

అమ్మ పద్ధతి వేరు. అమ్మకు మేం పని చేస్తుంటే చూడ్డం చేతనయ్యేది కాదు. వంకాయ కోయడం కాస్త ఆలస్యమైతే, "ఇటియ్యి, నీతో అయ్యేది కాదు" అని కత్తిపీట లాక్కునేది. చాలా ఏళ్ళు అమ్మ మీద నాకు ఆ బాధ ఉండింది. నాకు పిల్లాడు పుట్టాక గానీ అర్థం కాలేదు, తెల్లవారుజామున నాలుగున్నరకు కొళాయి దగ్గర మొదలై రాత్రి పదింటికి వంటిల్లు కడిగేదాకా ఆమెకు ఒక్క నిమిషం మిగిలేది కాదు. పిల్లలకు పని నేర్పాలంటే ఆ పని పాడవ్వడానికి కూడా టైం ఉండాలి. అమ్మకు ఆ టైం లేదు, జేజికి ఉంది. అందులో అమ్మ తప్పేం లేదు.

నాయన నేర్పింది డబ్బు. కండక్టరు కాబట్టి చిల్లర ఆయన చేతుల్లో ఆడేది. కలెక్షన్ డిపోలో కట్టేసి వచ్చేవాడు, ఇంటికి తెచ్చేది తన నోట్లకు మార్చుకున్న చిల్లర. ఆ చిల్లర సంచి చాప మీద కుమ్మరించి మా ఇద్దరినీ కూర్చోబెట్టేవాడు. చదరంగా ఉండే అయిదు పైసలు, అంచులు వంపులు తిరిగిన పది పైసలు, ఆరు మూలల ఇరవై పైసలు, అన్నీ అల్యూమినియం, ఊదితే ఎగిరిపోతాయేమో అన్నట్టుండేవి. వాటిని రూపాయి రూపాయిగా దొంతులు పెట్టడం మా పని. కళ్ళు మూసుకుని వేళ్ళతో తడిమి ఏది ఎంతో చెప్పడం మా పందెం. బస్సులో లైటు ఉన్నా లేకపోయినా వేళ్ళకు తెలియాల అనేవాడు నాయన.

తిరిగిచ్చే చిల్లర తీసివేతతో లెక్కపెట్టకూడదని ఆయనే చెప్పాడు. కూడుకుంటూ పోవాలి. ఏడు రూపాయల నలభై పైసలు అయింది, మనం ఇరవై ఇచ్చాం అనుకో. పది పైసలు ఇస్తే ఏడున్నర, అర్ధరూపాయి ఇస్తే ఎనిమిది, రెండు రూపాయలు ఇస్తే పది, ఇంకో పది ఇస్తే ఇరవై. ఇంకొకటి, చిల్లర ఇచ్చేసేదాకా అవతలి వాళ్ళ నోటు సంచిలో వేయకూడదు, వేళ్ళ సందున పట్టుకునే ఉండాలి. ఎందుకంటే "నేనిచ్చింది ఇరవై", "కాదు పది" అనే గొడవ బస్సులో రోజూ వచ్చేదే. చిల్లర లేకపోతే టిక్కెట్టు వెనకాల రాసి ఇవ్వాలి, నోటిమాట మీద వదలకూడదు.

ఈ లెక్క ఊరికే చెప్పలేదు నేను. అది నిజంగా జరిగింది. పదేళ్ళప్పుడు, చక్కెరకూ టీపొడికీ సబ్బుకూ కలిపి ఏడు నలభై అయింది, ఇరవై నోటు ఇచ్చా, అంగడాయన రెండు అరవై చేతిలో పెట్టాడు. రద్దీ. నేను కూడుకుంటూ పోకుండా గుప్పిట మూసుకుని ఇంటికొచ్చేశా. ఇంటికొచ్చాక నాయన ముందు చిల్లర పెడితే ఆయన చూసి, "పది రూపాయలు ఎక్కడమ్మణ్ణీ?" అన్నాడు. ఏడుపొచ్చేసింది. నాయనే పోయి అడిగితే అయిదు నిమిషాల పని. ఆయన చొక్కా వేసుకుని నాతో వచ్చాడు, వీధి మలుపు దాకా వచ్చి, రోడ్డుకు ఇవతలే టీకొట్టు దగ్గర ఆగిపోయాడు. "పోయి అడుగు. నేను ఇక్కడ టీ తాగుతా ఉంటా." అని అంగడికి వీపు పెట్టి నిలబడ్డాడు. ఆ వీపును అప్పుడు గుర్తుపట్టా నేను. అది జేజి వీపే.

అంగడి ముందు ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. గొంతు పెగల్లేదు. చివరికి ఆయనే, "ఏం పాపా మళ్ళీ వచ్చినావు?" అంటే, "నేనిచ్చింది ఇరవై రూపాయల నోటు. మీరు పదికి చిల్లర ఇచ్చినారు" అని ఒక్క ఊపిరిలో అనేశా. ఆయన నన్ను ఒకసారి చూసి, గల్లాపెట్టె తీసి, నోట్లు అటూ ఇటూ తిప్పి, నీ తర్వాత చానామంది వచ్చిపోయినారు కదా ఎట్లా తెలుస్తుంది అన్నాడు. నా నోటు మూల నలిగి ఒక పక్క ఇంకు మరక ఉందని చెప్పా. నోటు చేతిలో పట్టుకుని నడిచేటప్పుడు దాన్ని చూస్తూ నడవడం నాకు అలవాటు, అందుకని గుర్తుంది. అది ఇరవైల కట్టలోనే దొరికింది. ఆయన పది రూపాయలు ఇచ్చి, "పొరపాటైంది పాపా, మనసులో పెట్టుకోవద్దు" అని రెండు బిస్కెట్లు కూడా చేతిలో పెట్టాడు. రోడ్డు దాటి వచ్చి నాయన చొక్కా లాగితే అప్పుడు ఇటు తిరిగాడు. ఒక బిస్కెట్టు ఆయనకిచ్చా.

ఇక గంగమ్మ జాతర. మే నెలలో వారం రోజులు మా పాత తిరుపతి వీధులన్నీ ఆమెవే. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం అని రోజుకొక వేషం, కొండ మీద నుంచి ఆడపడుచుకు సారె రావడం, ఇంటింటా పొంగళ్ళు, అంబలి. మగవాళ్ళు చీర కట్టుకుని మొక్కు తీర్చుకోవడం ఆ జాతరకే అందం, మీసాలున్నవాళ్ళు కూడా పూలు పెట్టుకుని, చేత వేపాకు పట్టుకుని గుడికి నడిచిపోతారు, అందులో ఎవరికీ సిగ్గు లేదు. 1988లో తమ్ముడికి టైఫాయిడ్ వచ్చి తగ్గింది, నాయన ఆడవేషం మొక్కుకున్నాడు. ఆయనకు చీర ఎవరు కట్టాలి? అమ్మ చీర తీసుకుని వచ్చింది. జేజి ఆమె చేతిలోంచి తీసి నా భుజాన వేసింది. "దీన్ని కట్టనీ. ఇంకొకరికి కట్టడం వస్తే తనకు కట్టుకోవడం దానంతట అదే వస్తాది."

పదకొండేళ్ళ పిల్లను, పరికిణీలు వేసుకునేదాన్ని. నాయన దేవుడి పటం ముందు చేతులు పక్కకు చాచి నిలబడ్డాడు, ఆయన నడుము దగ్గరికి వచ్చేది నా తల. లంగా నాడాకు చీర చెంగు దోపి ఒక చుట్టు తిప్పి, పైట కొలత పక్కకు తీసి, మిగిలింది కుచ్చిళ్ళు పెట్టాలి. బొటనవేలికీ చిటికెనవేలికీ మధ్య చాచి ఒక్కో మడత పెట్టుకుంటూ పోవాలి, అన్నీ ఒకే వెడల్పు రావాలి. నా చెయ్యి చిన్నది, మడతలు చిన్నవి వచ్చాయి, అయిదారు పెట్టాల్సిన చోట తొమ్మిదో పదో వచ్చి లావుగా పొట్ట మీద నిలబడ్డాయి. విప్పా. మళ్ళీ పెట్టా. ఈసారి జారిపోయాయి. నాయన కదల్లేదు. ఉక్కపోత, ఆయన మెడ మీద చెమట కారుతోంది, బయట డప్పులు మోగుతున్నాయి, పక్కింటి మామ "ఏమన్నా, బయల్దేరదామా?" అని రెండుసార్లు పిలిచాడు. "మా పాప కడతా ఉండాది, ఆగు" అన్నాడు నాయన. నాలుగోసారి కుదిరింది.

గుడి దాకా పోయి, మొక్కు తీర్చుకుని, ఎండలో నడిచి తిరిగొచ్చాక అడిగా, ఎట్లా ఉండింది నాయనా అని. బాగుంది అంటాడనుకున్నా. ఆయన సీరియస్‌గా ఆలోచించి, "అడుగు విప్పార్చలేకపోయినా అమ్మణ్ణీ. ముందు చుట్టు బిగువెక్కువైంది. ఒక చేత్తో కాస్త ఎత్తి పట్టుకుని నడిచినా. వచ్చే ఏడు ఆ చుట్టు కాస్త వదులుగా తిప్పు" అన్నాడు. చీర కట్టుకునేవాళ్ళకు మాత్రమే తెలిసే కష్టం ఆయన కట్టుకుని చెప్పాడు. నా పెళ్ళిలో అందరూ చీర కట్టడానికి వస్తే నేనే కట్టుకున్నా, చుట్టు వదులుగా.

బస్సెక్కడం, ఒంటరిగా చిత్తూరులో పిన్నమ్మ ఇంటికి పోవడం, అదంతా పన్నెండో ఏట. బోర్డు చదువుకో, కండక్టరు దగ్గరి సీట్లో కూర్చో, దిగేదాకా టిక్కెట్టు పారేయొద్దు, చంద్రగిరి దాటినాక నిద్రపోవద్దు. జేజి అంతే చెప్పింది.

తమ్ముడి సంగతి చెప్పాలి. వాడికి ఏడేళ్ళ నుంచే బోకులు తోమే పని. బూడిద, టెంకాయ పీచు, గిన్నె వెనకాల మసి పోయేదాకా. వీధిలో వాళ్ళు, "మగపిల్లోడి చేత బోకులు తోమిస్తావేం పెద్దమ్మా" అంటే జేజి, "తిన్నోడు తోముతాడు. దాన్లో ఆడేముండాది, మగేముండాది" అనేది. దాని వెనక ఆమె మోసుకున్న బాధ ఒకటి ఉంది. జేజినాయన, అంటే మా తాత, పెళ్ళైన కొత్తలో మద్రాసులో గుడ్డల అంగట్లో పనికి పోయాడంట. ఒక గది, ఒక స్టవ్వు, పక్కనే బియ్యం సంచి, వండుకోవడం మాత్రం చేతకాదు. చేతిలో డబ్బులు అయిపోయిన నెలాఖరుల్లో బియ్యం సంచి పక్కనే పస్తు పడుకున్నాడంట. ఇంట్లో ఎవరూ ఆయన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు చిన్నప్పుడు, మగబిడ్డ కదా అని. జేజి ఈ మాట చెప్పేటప్పుడు ప్రతిసారీ, "బియ్యముండి పస్తు" అని రెండుసార్లు అనేది.

2020 మార్చిలో మరదలూ పిల్లలూ తిరుపతి వచ్చి ఉండగా లాక్‌డౌన్ పడింది, తమ్ముడు బెంగుళూరు ఫ్లాట్‌లో ఒక్కడే ఉండిపోయాడు. హోటళ్ళు మూత. మా అందరికీ దిగులు. మూడో రోజు వాట్సాప్‌లో ఫోటో పంపించాడు, కంచంలో సంగటి ముద్ద, నడుమ గుంట, గుంటలో నెయ్యి. ఆ తర్వాత తెలిసింది, ఎదురు ఫ్లాట్‌లో ఇద్దరు కుర్రాళ్ళు బిస్కెట్లు తిని బతుకుతుంటే వీడు పిలిచి పెట్టాడంట, వారం తర్వాత వాళ్ళ చేతే చేయించాడంట. "ఒకసారి చూపించినా అక్కా. మర్నాడు నేను హాల్లోకి వచ్చి గోడవైపు తిరిగి కూర్చున్నా" అన్నాడు ఫోన్లో. ఇద్దరం కాసేపు ఏం మాట్లాడలేకపోయాం. జేజి పోయి అప్పటికి పదిహేడేళ్ళు.

ఇంత చెప్పుకుంటున్న నేను నా కొడుక్కి ఏం నేర్పించా? వాడికి పదమూడేళ్ళు. చదువులో బాగుంటాడు. ఉద్యోగం, స్కూలు, ట్యూషన్, ఆ పరుగులో "నువ్వు చదువుకో నాన్నా, నేను చేస్తాలే" అనే మాట రోజుకు ఎన్నిసార్లు అన్నానో. పోయినేడు నాకు జ్వరం వచ్చి పడుకుంటే, వాడు నా పక్కన కూర్చుని నుదుటి మీద తడిగుడ్డ వేశాడు, గంజి ఎట్లా కాయాలో ఫోన్లో మూడు వీడియోలు చూశాడు, వంటింట్లోకి పోయి లైటర్ పట్టుకుని నిలబడ్డాడు. స్టవ్ వెలిగించడానికి భయం. వాడిని ఎప్పుడూ దాని దగ్గరికి రానిచ్చింది లేదు నేను. "అమ్మా, ముందు గ్యాస్ తిప్పాలా, ముందు లైటర్ నొక్కాలా?" అని అక్కడి నుంచి అడిగాడు. చెప్పి ఉండాల్సింది. లేచిపోయి నేనే పెట్టుకున్నా. వాడి చేతిలోంచి లైటర్ తీసుకుంటుంటే నా నోట్లోంచి వచ్చిన మాట, "ఇటివ్వు, నీతో కాదులే." వాడి మొహం చూశా. పదేళ్ళ నా మొహమే అది. జ్వరం కంటే అది ఎక్కువ కాల్చింది నన్ను.

అప్పటి నుంచి ఆదివారాలు వాడివి. ముందు స్టవ్ వెలిగించడం, ఆర్పడం, సిలిండర్ దగ్గర గ్యాస్ ఆపేయడం, గ్యాస్ వాసన వస్తే స్విచ్ వేయకుండా కిటికీలు తీయడం. తర్వాత వాడి స్కూలు చొక్కా కాలరు వాడే ఉతుక్కోవడం. తర్వాత రైతుబజారు. ఫోను ఇంట్లో పెట్టించి రెండొందలు నోట్లు చేతికిచ్చి పంపించా. వాడు పుట్టి బుద్ధెరిగాక చిల్లర లెక్కపెట్టే పనే పడలేదు, అంతా ఫోనే. కూడుకుంటూ పోయే లెక్క చెప్పా, ఒక్కసారే. చిల్లర సరిగ్గానే తెచ్చాడు గానీ బెండకాయలన్నీ ముదురు. కొన విరిచి చూడాలని నేను చెప్పలేదు. నోటిదాకా వచ్చింది, "చూసి తేవద్దా?" అని. బాల్కనీలోకి పోయి కొండవైపు చూస్తూ నిలబడ్డా, ఆ మాట లోపలికి పోయేదాకా. ఆ బెండకాయలతోనే పులుసు పెట్టా, తింటూ పీచు తీసి పక్కన పెడుతూ, "ఇవి ఎందుకిట్లా ఉన్నాయమ్మా?" అని వాడే అడిగాడు. అప్పుడు చెప్పా. మరుసటి వారం ఏరుకొచ్చిన బెండకాయలు చూసి మా పక్కింటామె ఎక్కడ కొన్నారని అడిగింది.

పోయిన ఆదివారం సంగటి. అంతకు ముందు వారం చెయ్యి పట్టుకుని చేయించా. ఇప్పుడు కుక్కర్లూ గ్యాసూ, చట్టి లేదు, అల్యూమినియం గిన్నె. తెడ్డు మాత్రం జేజిదే, కాడ అరిగి నున్నగా అయిపోయింది. వాడు బియ్యం ఉడికించాడు, పిండి పోశాడు, కాడతో బొక్క పెట్టాడు. నేను పక్కనే నిలబడి ఒకసారి గిన్నె వైపు, ఒకసారి మంట వైపు, ఒకసారి వాడి చేతుల వైపు చూస్తున్నా. వాడు తెడ్డు ఆపి, "అమ్మా, నువ్వట్లా చూస్తుంటే నాకు భయమేస్తోంది. అటు తిరుగు" అన్నాడు.

జేజి గురించి వాడికి నేనెప్పుడూ ఈ సంగతి చెప్పలేదు.

కుర్చీ లాక్కుని కిటికీ వైపు తిరిగి కూర్చున్నా. ఒలవడానికి అనపకాయలు కూడా లేవు చేతిలో. కాసేపటికి తెలిసింది. గిన్నెలో ఎసరు గుబగుబమని తొందరగా కొట్టుకుంటోంది, అంటే మంట ఎక్కువుంది. చూడకుండానే తెలుస్తోంది నాకు. ముప్పై ఎనిమిదేళ్ళ తర్వాత అప్పుడు అర్థమైంది, మా జేజి వీపున కళ్ళేం లేవు, ఆమె చెవులు మొత్తం నా దగ్గరే పెట్టి కూర్చునేది.

"మంట చూసుకో నాన్నా" అన్నా. స్టవ్ తిప్పిన చప్పుడు. గుబగుబ నెమ్మదించింది. తర్వాత గిన్నె దించాడు, గెలకడం మొదలుపెట్టాడు. తెడ్డు మొదట గరగరమంటుంది, పిండి కలిసేకొద్దీ ఆ చప్పుడు బరువెక్కి దబ్బు దబ్బుమని వస్తుంది, అప్పుడు సంగటి అయినట్టు. ఇంకా గరగరమంటోంది. ఒక మూల ఉండ ఉంది, తెడ్డు దాన్ని తాకి జారుతోంది, వాడికింకా తెలియలేదు. వాడి ఊపిరి వినిపిస్తోంది, గిన్నె గట్టు మీద కదులుతున్నది వినిపిస్తోంది. "సరిగ్గా వస్తోందా అమ్మా?" అన్నాడు.

"నీ వైపు నా వీపుంది. నువ్వే చూసుకో" అన్నా.

తెడ్డు ఆగింది. మళ్ళీ కదిలింది, ఈసారి ఆ మూలకే.